జర్నలిజం పట్టా పల్నాడులో ఎంత తెస్తుంది?

జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ అంటే వార్త రాయడం, దిద్దడం, కెమెరా పట్టడం, ప్రకటన తయారు చేయడం, ఒక సంస్థ చెప్పదలచుకున్న మాటను జనానికి చేర్చడం నేర్పే చదువు. అమెరికాలో దీని మొదటి రెండేళ్లను కమ్యూనిటీ కాలేజీ అనే స్థానిక కళాశాలలో తక్కువ ఫీజుతో ముగించి, తర్వాత విశ్వవిద్యాలయంలో చేరి డిగ్రీ పూర్తి చేసే పద్ధతి ఉంది. మన దగ్గర విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2013లో కమ్యూనిటీ కాలేజీల పథకం తెచ్చింది గానీ, ఆ పేరు జనం నోట నలగలేదు. పల్నాడులో ఆ పని చేస్తున్నవి బస్సులో పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగలిగిన డిగ్రీ కళాశాలలే. నరసరావుపేటలో 1950లో మొదలైన శ్రీ సుబ్బరాయ అండ్ నారాయణ కళాశాల, మాచర్ల, వినుకొండల్లోని ప్రభుత్వ కళాశాలలు, చిలకలూరిపేట సీఆర్ కళాశాల వంటివి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలో నడుస్తున్నాయి. ఆ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. అక్కడ జర్నలిజంలో పీజీ ఉంది. గుంటూరు వైపు కాకుండా హైదరాబాద్ వైపు చూసేవాళ్లకు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1954 నుంచి జర్నలిజం విభాగం ఉంది.

ఈ చదువు రెండు రూపాల్లో దొరుకుతుంది. బీఏలో జర్నలిజాన్ని ప్రధాన సబ్జెక్టుగా తీసుకోవడం ఒకటి. తెలుగో, చరిత్రో, రాజనీతిశాస్త్రమో ప్రధానంగా చదువుతూ, మీడియా పనిని చిన్న కోర్సుగా నేర్చుకోవడం రెండోది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి అమలైన డిగ్రీ పాఠ్యప్రణాళికలో నైపుణ్య కోర్సుల కింద వార్తా రచన, పౌరసంబంధాలు వంటివి చేరాయి. దానితో పాటు మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు ఊళ్లోకి వెళ్లి సర్వే చేసి నివేదిక రాయాలి. చాలామంది ఈ నివేదికను పక్కవాడి పుస్తకం చూసి ఎక్కించేస్తారు. నిజానికి విలేకరికి కావలసిన మొదటి శిక్షణ అదే. ఇల్లిల్లూ తిరిగి, అడిగి, అంకెలు రాసుకుని, వాటికి అర్థం చెప్పడం ఖర్చు లేకుండా దొరికే చోటు అంతకు మించి మరొకటి లేదు.

కొత్త జాతీయ విద్యావిధానం ప్రకారం యూజీసీ 2022లో ప్రకటించిన క్రెడిట్ల పద్ధతిలో ఏడాది చదివి 40 క్రెడిట్లు తెచ్చుకుని, వేసవిలో ఒక వృత్తి కోర్సు చేస్తే సర్టిఫికెట్ ఇస్తారు. రెండేళ్లకు 80 క్రెడిట్లతో డిప్లొమా, మూడేళ్లకు 120తో డిగ్రీ, నాలుగేళ్లకు 160తో ఆనర్స్ వస్తాయి. మధ్యలో మానేసినవాళ్లు మూడేళ్ల లోపు తిరిగి చేరి, మొత్తం ఏడేళ్లలో పూర్తి చేసుకోవచ్చు. ఇంట్లో అప్పు మీద పడో, మిర్చి పంట దెబ్బతినో చదువు ఆపేసిన పిల్లలకు ఇది కాగితం మీద పెద్ద ఊరట. అయితే రెండేళ్ల డిప్లొమాకు అమెరికాలో ఉన్న విలువ ఇక్కడి ఉద్యోగ ప్రకటనల్లో ఇంకా రాలేదు. నోటిఫికేషన్లలో ‘ఏదైనా డిగ్రీ’ అని ఉంటుంది తప్ప ‘రెండేళ్ల డిప్లొమా చాలు’ అని కనిపించడం అరుదు. అందుకే పల్నాడు విద్యార్థి విషయంలో మూడో ఏడాది పూర్తి చేయడానికీ, చేయకపోవడానికీ మధ్య డబ్బు తేడా చాలా పెద్దది.

చదువు విలువను డబ్బులో కొలవడం కొత్త సంగతి కాదు. ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లో చదువును పెట్టుబడిగా చూడాలన్న వాదాన్ని ఒక గ్రంథంగా తెచ్చాడు. జేకబ్ మిన్సర్ 1974లో చదివిన ఏళ్లకూ సంపాదనకూ ఉన్న లంకెను లెక్కగట్టే సూత్రం ఇచ్చాడు. దాని ఆధారంగా ఎన్నో దేశాల్లో వేసిన లెక్కల్లో, అదనంగా చదివిన ఒక్కో ఏడాదికి సంపాదన సగటున 9 శాతం దాకా పెరుగుతున్నట్టు తేలింది. కానీ ఈ సగటు మీద భారం వేసి ఒక కోర్సును ఎంచుకోలేం. మైకేల్ స్పెన్స్ 1973లో చెప్పిన మరో మాట మీడియా చదువుకు బాగా వర్తిస్తుంది. పట్టా కొన్నిసార్లు నైపుణ్యాన్ని ఇవ్వకపోయినా, ‘ఈ మనిషి ఒక పనిని మొదలుపెట్టి ముగించగలడు’ అని యజమానికి సూచన ఇస్తుంది. వైద్యుడికి పట్టా లేకపోతే వైద్యం చేసే హక్కే లేదు. విలేకరికి అలా కాదు. పట్టా లేకుండానే పేరు తెచ్చుకున్న విలేకరులు తెలుగులో ఎందరో ఉన్నారు. కాబట్టి ఈ రంగంలో పట్టా తలుపు తెరిచే తాళంచెవి కాదు. లోపలికి వెళ్లాక ఎంత దూరం నడవగలమో దానితో తేలుతుంది.

ఆ తలుపు పల్నాడులో ఎలా తెరుచుకుంటుందో తెలియాలంటే తెలుగు పత్రికలు పల్లెకు వచ్చిన తీరు చూడాలి. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’ 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చింది. అప్పటిదాకా గుంటూరు దాటి పత్రికలో చోటు దొరకని మండలాల వార్తలకు రోజూ పేజీలు వచ్చాయి. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. 2002 అక్టోబరులో ‘ఆంధ్రజ్యోతి’ మళ్లీ వెలువడింది. 2008 మార్చి 23న ‘సాక్షి’ ఒకేసారి 23 ఎడిషన్లతో వచ్చింది. ఇన్ని పేజీలు నింపడానికి ప్రతి మండలంలో ఒక మనిషి కావాలి. అలా పుట్టిందే మండల కంట్రిబ్యూటర్ అనే కొలువు. కారంపూడిలోనో, దుర్గిలోనో, రెంటచింతలలోనో ట్యూషన్ చెప్పుకునేవాళ్లు, ఎల్ఐసీ ఏజెంట్లు, ఎరువుల కొట్టు నడిపేవాళ్లు విలేకరులయ్యారు. వాళ్లను ఎంచుకున్నప్పుడు జర్నలిజం పట్టా ఉందా అని ఎవరూ అడగలేదు. ఊరు తెలుసా, నలుగురితో పరిచయం ఉందా, బండి ఉందా అన్నవే ప్రశ్నలు.

ఆ కొలువు దినచర్యను దగ్గరగా చూస్తే డబ్బు ఎక్కడ ఆగిపోతుందో కనిపిస్తుంది. పొద్దున ఏడింటికి టీ కొట్టు దగ్గర మొదలవుతుంది. రాత్రి ప్రమాదం జరిగిందని ఫోన్. ఆసుపత్రికి, అక్కడి నుంచి పోలీస్ స్టేషన్‌కు. పదకొండింటికి మండల పరిషత్ సమావేశం. మధ్యాహ్నం సాగర్ కాలువ చివరి భూములకు నీళ్లు రాలేదని రైతుల ధర్నా. అన్నీ ఫోన్‌లోనే టైపు చేసి, ఫొటోలు జతచేసి సాయంత్రం ఐదింటిలోపు డెస్క్‌కు పంపాలి. రాత్రి సబ్ ఎడిటర్ మూడు వార్తల్లో ఒకదాన్ని తీసేసి, ఒకదాన్ని నాలుగు లైన్లకు కుదించి, ఒకదానికి ఫొటో పెడతాడు. నెలాఖరుకు అచ్చయిన మేరకు కొలిచి లెక్క కడతారు. దీన్నే లైన్ అకౌంట్ అంటారు. రాసిన దానికి కాక, అచ్చయిన దానికే డబ్బు. పెట్రోలు, ఫోన్ రీఛార్జి పోగా మిగిలేది పొలం పనికి వెళ్లేవాడి నెల కూలికి సమానంగా ఉండడం కష్టం. ఆగస్టు 15కో, ఉగాదికో, నాయకుడి పుట్టినరోజుకో యాడ్ల టార్గెట్ వస్తుంది. యాడ్‌కు కమీషన్ ఉంటుంది కాబట్టి ఇంటి ఖర్చు అక్కడి నుంచే గడవాలి. మధ్యాహ్నం ఎవరి మీద వార్త రాశాడో సాయంత్రం వాళ్ల దగ్గరకే యాడ్ అడగడానికి వెళ్లాల్సి వస్తే, ఆ వార్త ఎంత గట్టిగా ఉండగలదు? కంట్రిబ్యూటర్‌కు సరైన జీతం లేకపోవడం వల్ల నష్టపోయేది అతని కుటుంబం మాత్రమే కాదు, ఆ మండలం మొత్తం.

చట్టం మాత్రం ఈ పనిని తక్కువ చేసి చూడలేదు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టంలో పూర్తికాల ఉద్యోగితో పాటు, పార్ట్‌టైమ్‌గా నియమితుడైనా జర్నలిజమే ప్రధాన వృత్తి అయితే అతన్నీ జర్నలిస్టుగానే లెక్కవేశారు. మజీఠియా వేతన సంఘం సిఫార్సులను కేంద్రం 2011 నవంబరులో ప్రకటించింది. వాటిని సుప్రీంకోర్టు 2014 ఫిబ్రవరి 7న సమర్థించింది. కానీ కంట్రిబ్యూటర్‌కు నియామక పత్రం ఉండదు. ‘వార్తలు పంపడం నా ప్రధాన వృత్తి కాదు’ అని రాసి ఇవ్వాల్సి వస్తే చట్టం అతని దాకా రానే రాదు. అక్రెడిటేషన్ కార్డు దొరికితే బస్సు ఛార్జీలో రాయితీ, ప్రభుత్వ ఆరోగ్య పథకంలో చేరే వీలు వంటివి ఉంటాయి. ఆ కార్డుకు కూడా మూలం పత్రికతో సంబంధమే గానీ కళాశాల పట్టా కాదు.

ఇంతవరకు చూస్తే మీడియా డిగ్రీకి పల్నాడులో విలువ లేదనిపిస్తుంది. తేడా డెస్క్ దగ్గర మొదలవుతుంది. సబ్ ఎడిటర్, టీవీలో కాపీ ఎడిటర్, ప్రొడ్యూసర్, వెబ్ డెస్క్ వంటి ఉద్యోగాలు నెల జీతం, భవిష్యనిధి ఉన్నవి. వాటికి డిగ్రీ తప్పనిసరిగా అడుగుతారు. పెద్ద పత్రికలు తమ సొంత జర్నలిజం బడుల్లో ప్రవేశ పరీక్ష పెట్టి, ఎంపికైనవాళ్లకు నెలనెలా భృతి ఇచ్చి నేర్పుతాయి. బదులుగా కొన్నేళ్లు అక్కడే పనిచేస్తామని ఒప్పందం రాయించుకుంటాయి. ఫీజు కట్టి చదివే కోర్సు కన్నా భృతి తీసుకుని నేర్చుకునేది ఆర్థికంగా ఎప్పుడూ మెరుగు. ఆ పరీక్షలో నెగ్గేది తెలుగు బాగా రాయగలిగినవాళ్లు, ఇంగ్లిష్ వార్తను తడుముకోకుండా తెలుగు చేయగలిగినవాళ్లు, వర్తమాన వ్యవహారాలు తెలిసినవాళ్లు. తెలుగు సాహిత్యం ప్రధానంగా చదివిన విద్యార్థి ఇక్కడ జర్నలిజం విద్యార్థికి ఏమాత్రం తీసిపోడు. కవి జాషువా పుట్టిన వినుకొండ పక్కన పెరిగిన పిల్లలకు మంచి వాక్యం విలువ ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ప్రభుత్వ ఉద్యోగాల వైపు చూస్తే పట్టా విలువ మరింత స్పష్టంగా కనిపిస్తుంది. రాష్ట్ర సమాచార, పౌరసంబంధాల శాఖలో జిల్లా పౌరసంబంధాల అధికారులు, వారి సహాయకులు ఉంటారు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట కేంద్రమయ్యాక ఆ కార్యాలయం గుంటూరు నుంచి దగ్గరకొచ్చింది. కేంద్రంలో భారత సమాచార సర్వీసు ఉంది. అందులో సీనియర్ గ్రేడ్ పోస్టులకు నేరుగా నియామకం జరిపినప్పుడు జర్నలిజంలో డిగ్రీ గానీ, వేరే డిగ్రీ మీద జర్నలిజం డిప్లొమా గానీ అడిగారు. జర్నలిజం చదివినవాళ్లకే ప్రత్యేకించిన కొలువులు ఇలాంటి కొద్ది చోట్లే ఉన్నాయి, అవి తరచుగా పడవు. అధ్యాపక వృత్తి మరో దారి. పీజీ చేసి యూజీసీ నెట్‌లో మాస్ కమ్యూనికేషన్ సబ్జెక్టు రాసి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు వస్తాయి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా శాశ్వత నియామకం దొరికితే మూలవేతనమే 57,700తో మొదలవుతుంది. అయితే శాశ్వత పోస్టుల భర్తీ ఏళ్ల తరబడి ఆగుతుంది. ఆ జీతాన్ని చూపించి చేర్పించే కళాశాలలు ఆ ఎదురుచూపు గురించి కూడా చెప్పాలి.

ఇంటి బడ్జెట్‌కు అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చేది ‘ఏదైనా డిగ్రీ’ అన్న రెండు మాటలు. ఏపీపీఎస్సీ గ్రూప్-2, బ్యాంకు క్లర్కు, ఎస్ఐ, మూడేళ్ల న్యాయవిద్య, అన్నిటికీ డిగ్రీ చాలు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షకు పైగా ఉద్యోగాలు వచ్చాయి. ప్రొబేషన్ కాలంలో నెలకు 15,000 చొప్పున ఇచ్చారు. పంచాయతీ కార్యదర్శి పోస్టుకు ఏ డిగ్రీ అయినా సరిపోయింది. అక్కడ బీఏ జర్నలిజానికీ బీకామ్‌కూ తేడా లేదు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త అవసరం. టీచరు ఉద్యోగం మీద ఆశ ఉన్నవాళ్లు బీఈడీ నిబంధన ముందే చూసుకోవాలి. బీఈడీలో బడిలో చెప్పే సబ్జెక్టుకు మెథడాలజీ తీసుకోవాలి, దానికి డిగ్రీలో ఆ సబ్జెక్టు చదివి ఉండాలి. జర్నలిజం బడిలో చెప్పే పాఠం కాదు. అందుకని తెలుగో, చరిత్రో ప్రధానంగా పెట్టుకుని మీడియాను అనుబంధంగా చదివితే రెండు దారులూ తెరిచి ఉంటాయి. సబ్జెక్టులు ఎంచుకునే ఆ ఒక్క రోజు తీసుకున్న నిర్ణయం తర్వాతి ముప్పై ఏళ్ల జీతాన్ని మార్చేయగలదు. చేరే రోజున ఈ సంగతి విద్యార్థికి చెప్పేవాళ్లు తక్కువ.

ఉద్యోగం కాకుండా సొంతంగా చేసుకునే పని మరో పెద్ద భాగం. నరసరావుపేట, పిడుగురాళ్ల, మాచర్ల వీధుల్లో ఫ్లెక్సీ షాపులు, పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలు, కేబుల్ చానళ్లు, యూట్యూబ్ వార్తా చానళ్లు కనిపిస్తాయి. కోటప్పకొండ తిరునాళ్ల నాడు ఈ రంగం మొత్తం ఒక్క చోట పనిచేస్తుంది. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి విద్యుత్ ప్రభలు కట్టుకుని వస్తారు. ఆకాశాన్ని అంటేలా నిలబడ్డ ప్రభల ముందు రాత్రంతా కార్యక్రమాలు జరుగుతాయి. ఒక ప్రభ దగ్గర నిలబడి చూస్తే, ముందు రెండు కెమెరాలు, ఒక పొడుగాటి క్రేన్, పక్కన గుడారంలో రెండు కెమెరాల దృశ్యాలను మారుస్తూ ఎల్ఈడీ తెరకూ యూట్యూబ్ లైవ్‌కూ పంపే కుర్రాడు. వ్యాఖ్యానం చెప్పడానికి మైకు పట్టుకున్న ఒక గొంతు. ఊరి పేరు, చందాదారుల పేర్లు తప్పు లేకుండా తెర మీద టైపు చేసే ఇంకొకరు. అందులో కెమెరా మనిషికి కెమెరా అద్దెతో కలిపి కిరాయి ఉంటుంది. లైవ్ నడిపేవాడికి అంతకన్నా ఎక్కువ. వ్యాఖ్యాతకు గొంతును బట్టి. అక్షరాలు కొట్టేవాడికి అందరికన్నా తక్కువ. కానీ ఒక దాత పేరు తప్పు పడితే మర్నాడు మాట పడేది మొత్తం బృందం. ఫ్లెక్సీ షాపులోనూ అంతే. చదరపు అడుగుకు ఇంత అని అచ్చుకు ధర ఉంది. ‘శుభాకాంక్షలు’ అన్న మాటలో దీర్ఘం పోకుండా చూసే మనిషికి విడిగా ధర లేదు. ఆ ధరను అడిగి తీసుకోగలగడమే మీడియా చదువు నేర్పవలసిన అసలు విద్య.

డ్రోన్ విషయం చూస్తే పట్టాకూ చిన్న సర్టిఫికెట్‌కూ తేడా తెలుస్తుంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసై, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ తీసుకుంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ వస్తుంది. శిక్షణ రోజుల్లో ముగుస్తుంది. పెళ్లిళ్లకే కాదు, పొలాల్లో మందు పిచికారీకి కూడా డ్రోన్లు వాడుతున్న కాలంలో పల్నాడులో ఆ సర్టిఫికెట్ మూడేళ్ల డిగ్రీ కన్నా త్వరగా డబ్బు చూపిస్తుంది. ఐదేళ్ల తర్వాత చేతిలో సర్టిఫికెట్ ఒక్కటే ఉన్నవాడికీ, డిగ్రీతో పాటు సర్టిఫికెట్ ఉన్నవాడికీ తేడా వస్తుంది. రెండోవాడు నోటిఫికేషన్ పడినప్పుడు పరీక్ష రాయగలడు, టెండరులో పాల్గొనే సంస్థ పెట్టి దాని నివేదికలు తానే రాసుకోగలడు.

యూట్యూబ్ మీద ఆశ ఎక్కువ. మామూలు వీడియోల ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. అప్పుడు మామూలు వీడియోలపై ప్రకటనల ఆదాయంలో 55 శాతం చానల్‌కు వస్తుంది. తెనాలి దగ్గరి గుడివాడకు చెందిన మస్తానమ్మ వందేళ్లు దాటిన వయసులో పొలం గట్టున వంట చేస్తే ఆమె మునిమనవడు, అతని మిత్రుడు చిత్రీకరించి 2016లో పెట్టిన చానల్‌ను లక్షల మంది చూశారు. ఆమె 2018 డిసెంబరులో కన్నుమూసింది. అక్కడ పట్టా లేదు, పుచ్చకాయలో కోడికూర వండే చేతివాటం, దాన్ని సహజంగా చూపించాలన్న తెలివి ఉన్నాయి. ఇలాంటి విజయం లాటరీ లాంటిది కాదు గానీ, దాన్ని లెక్కలో వేసుకుని అప్పు చేయకూడదు. మాచర్లలో చానల్ పెట్టిన కుర్రాడికి నిలకడగా డబ్బు తెచ్చేది ఆ చానల్ చూసి వచ్చే ఇతర పనులు. ఆసుపత్రికి పరిచయ వీడియో, విత్తన కంపెనీకి రైతు అనుభవాల చిత్రీకరణ, పిడుగురాళ్ల సున్నపు బట్టీ యజమానికి వెబ్‌సైట్ రాత. చట్టసభ అభ్యర్థుల నుంచి ఎన్నికల వేళ సోషల్ మీడియా పని కూడా దొరుకుతుంది. ఎన్నికలు అయిపోయాక అది ఆగిపోతుంది. పల్నాడు రాజకీయాల వేడిలో ఒక పార్టీ మనిషి అన్న ముద్ర పడితే తర్వాత చాలాకాలం పోదు కాబట్టి ఆ కిరాయిలో ఈ నష్టాన్ని కూడా కలిపి చూసుకోవాలి.

అమ్మాయిలకు ఈ లెక్క కొంచెం మారుతుంది. రాత్రి షిఫ్టు ముగిసి ఇంటికి చేరే బస్సు లేని ఊళ్లలో రిపోర్టింగ్ ఉద్యోగం వాళ్లకు అందడం కష్టం. అనువాదం, సబ్‌టైటిళ్లు, డబ్బింగ్ గొంతు, ఇంటి దగ్గర నుంచి చేసే కంటెంట్ రాత వాళ్లకు దగ్గరగా ఉన్నాయి. యంత్రం చేసే అనువాదం మెరుగవుతున్న కొద్దీ మామూలు అనువాదానికి రేటు పడిపోతోంది. దిద్దగలిగినవాళ్ల రేటు పడలేదు. గుంటూరు జిల్లా యాసలో సంభాషణ రాయడం, రైతుకు అర్థమయ్యే మాటల్లో పురుగుమందు సూచన రాయడం వచ్చినవాళ్లకు పని ఉంది.

ఖర్చు వైపు చూద్దాం. సులువుగా ఉండడానికి రెండు ఊహా లెక్కలు తీసుకోవచ్చు. రెంటచింతల విద్యార్థి ఒకరు మాచర్లలో డిగ్రీ చేస్తున్నారనుకుందాం. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద వచ్చేది పోగా బస్సు పాస్, పుస్తకాలు, ఫోన్ కలిపి ఏడాదికి 20,000. మూడేళ్లకు 60,000. చదువు లేకపోతే నెలకు 8,000 సంపాదించేవాడనుకుంటే, ఏడాదికి పది నెలల చొప్పున మూడేళ్లలో వదులుకున్నది 2,40,000. మొత్తం 3 లక్షలు. రెండో విద్యార్థి హైదరాబాద్‌లో ప్రైవేటు సంస్థలో ఏడాదికి లక్ష ఫీజు కట్టి, గదికీ తిండికీ నెలకు 8,000 పెట్టాడనుకుందాం. వదులుకున్న కూలితో కలిపి అతని ఖర్చు 8,28,000. పట్టా వల్ల ఇద్దరికీ నెలకు 3,000 ఎక్కువ జీతం వస్తే, మొదటివాడి ఖర్చు 8 ఏళ్ల 4 నెలల్లో తిరిగొస్తుంది. రెండోవాడికి 23 ఏళ్లు పడుతుంది. నెలకు 8,000 ఎక్కువ వస్తే మొదటివాడికి మూడేళ్లు దాటిన నెలన్నరలోనే తీరిపోతుంది, రెండోవాడికి ఎనిమిదిన్నరేళ్లు దాటుతుంది. రెండోవాడు ఫీజుకూ బసకూ పెట్టిన 5,88,000 ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదైతే నెలకు వడ్డీయే 11,760. పట్టా తెచ్చిన 8,000 వడ్డీకే చాలదు. మొదటివాడి చదువును లాభంలోకి తెచ్చింది పెద్ద జీతం కాదు, చిన్న ఖర్చు. మీడియా చదువులో ఇది ఇంజనీరింగ్ కన్నా ఎక్కువ ముఖ్యం, ఎందుకంటే మొదటి ఐదేళ్ల జీతాలు తక్కువగా ఉంటాయి. హైదరాబాద్‌లో ఉంటే పరిచయాలు, స్టూడియోలు దగ్గరగా ఉంటాయి, అది నిజమే. ఆ లాభాన్ని డిగ్రీ ఊళ్లో పూర్తి చేసి, పీజీకో, భృతి ఇచ్చే శిక్షణకో నగరానికి వెళ్లి పొందవచ్చు. బ్యాంకు విద్యారుణంలో కోర్సు ముగిశాక ఏడాది వరకు వాయిదాలు మొదలు కావు. ఎంత తిప్పించుకున్నా అది చేతి అప్పు కన్నా చౌక.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈ లెక్కకు పునాది. 2008 ప్రాంతంలో మొదలైన ఈ పథకం పేరు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది. ఒక దశలో కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలని, విద్యార్థికి 75 శాతం హాజరు ఉండాలని షరతులు పెట్టారు. డిగ్రీ విద్యార్థికి వసతి కింద ఏడాదికి 20,000 చొప్పున ఇచ్చారు. విడుదల ఆలస్యమైతే కళాశాలలు సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపిన సందర్భాలు ఉన్నాయి. పట్టా చేతికి రాకపోతే ఉద్యోగ దరఖాస్తు ఆగిపోతుంది. ఆ నెలల ఆలస్యం కూడా చదువు ఖర్చులో భాగమే, దాన్ని ఎవరూ లెక్కలో రాయరు.

అమెరికాతో పోల్చి చూస్తే, తక్కువ ఖర్చే చదువును లాభంలోకి తెస్తుందన్న సూత్రం అక్కడా కనిపిస్తుంది. కాలేజ్ బోర్డు లెక్కల్లో 2024–25లో ప్రభుత్వ రెండేళ్ల కళాశాలలో స్థానికులకు ఏడాది ఫీజు సగటున 4,050 డాలర్లు, ప్రభుత్వ నాలుగేళ్ల విశ్వవిద్యాలయంలో సొంత రాష్ట్రంవాళ్లకు 11,610 డాలర్లు. మన పిల్లలకు స్థానికుల ఫీజు వర్తించదు. 2023లో అక్కడ విలేకరుల మధ్యస్థ వార్షిక జీతం 57,500 డాలర్లు, పౌరసంబంధాల నిపుణులది 66,750. ఒకే పట్టాతో వార్త రాసేవాడికన్నా సంస్థ తరఫున రాసేవాడికి ఎక్కువ డబ్బు రావడం అక్కడా మామూలే. మన దేశానికి వస్తే, ఢిల్లీలోని భారతీయ జనసంచార సంస్థ ఐఐఎంసీ 1965లో ఏర్పడింది. దాని ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి అమరావతిలో ఉందని చదివి పల్నాడు విద్యార్థులు సంబరపడతారు. ఆ అమరావతి మహారాష్ట్రలోది. ఒడియా, మరాఠీ, మలయాళం, ఉర్దూల్లో జర్నలిజం నేర్పిన ఆ సంస్థ తెలుగులో కోర్సు పెట్టలేదు. కృష్ణ ఒడ్డున ఉన్న మన అమరావతి పల్నాడు జిల్లాలోనే ఉంది. తెలుగు జర్నలిజానికి జాతీయ స్థాయి ప్రభుత్వ కోర్సు ఒకటి ఈ ప్రాంతంలో అడగదగ్గదే.

గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాల మీదుగా మాచర్లకు రైలు దారి ఉంది, వంద కిలోమీటర్లకు పైగా. డిగ్రీ ఊళ్లో పూర్తి చేసి పీజీకి నాగార్జున విశ్వవిద్యాలయం చేరాలనుకునే గురజాల విద్యార్థి రోజూ వెళ్లి రాలేడు, హాస్టల్ కావాలి. విశ్వవిద్యాలయ హాస్టల్ మెస్ బిల్లు నగరంలో గది అద్దె కన్నా తక్కువ. పీజీ రెండేళ్లలో డెస్క్ పరీక్షకు, నెట్‌కు, పౌరసంబంధాల పోస్టులకు ఒకేసారి తయారు కావచ్చు. అప్రెంటిస్‌షిప్ నిబంధనల ప్రకారం డిగ్రీ చేసినవాళ్లకు కనీస భృతి నెలకు 9,000గా 2019లో నిర్ణయించారు. పత్రికలు, టీవీలే కాదు, సిమెంటు ఫ్యాక్టరీల సామాజిక సేవా విభాగాలు, ఆసుపత్రులు కూడా ఈ పథకం కింద కమ్యూనికేషన్ అభ్యర్థులను తీసుకోవచ్చు. డిగ్రీ చివరి సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ కోసం ఒక సంస్థ పేరు రాయమన్నప్పుడు, దాచేపల్లి వైపు ఉన్న ఒక సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గరకు వెళ్లి అడిగిన విద్యార్థికి, పక్కింటి స్టూడియో నుంచి సర్టిఫికెట్ మాత్రం రాయించుకున్న విద్యార్థికి చేతికొచ్చే పట్టా ఒకటే, మొదటి ఉద్యోగంలో చూపించడానికి ఉండే పని మాత్రం వేరు.